నా గొంతులో ఏడు

ఆ వారం నాకు గొంతు పోయింది. వానలో తడిసి, మూడు రోజులు జ్వరం పడి లేచాక, నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. సెలవు పెడదామంటే వరద సెలవులన్నీ అయిపోయి అప్పుడే బడి తెరిచారు. సరే, పిల్లలతో సైగలు చేసుకుంటూ నెట్టుకొద్దామని పొద్దున్నే రేవుకి వచ్చి పంటు ఎక్కాను. పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ కలిపి గోదావరి దాటించే పెద్ద పడవ. సగం దూరం వెళ్ళామో లేదో, అవతల, ఏటి నడుమనున్న లంకలోంచి నీళ్ళ మీదుగా నా గొంతు వినబడింది.

"ఏడు" అంది. కాసేపాగి మళ్ళీ, "ఏడు."

నేను నోరు మూసుకునే ఉన్నాను. తెరిచినా వచ్చేదేమీ లేదు. పక్కన కూర్చున్న చేపల గంపావిడ నా మూతి వైపు చూసి, లంక వైపు చూసి, "అది మీరేనాండీ?" అంది. తల ఊపాను. ఆవిడ తన గంపని కొంచెం అవతలికి జరుపుకుంది.

దెయ్యం కథ మొదలెట్టాననుకోకండి. ఇందులో జరిగిందంతా నేను చేతులారా చేసుకున్నదే.

నేను ఆ లంకలో హైస్కూలు లెక్కల టీచర్ని. ఉండేది ధవళేశ్వరంలో. పెళ్ళికి ముందు కంప్యూటరు కోర్సు చేసిన పాపానికి బళ్ళో కంప్యూటరు గది కూడా నా మెడకే తగిలించారు. లంకలో పంచాయతీ ఆఫీసు డాబా మీద ఒక పెట్టె ఉంది. రేవులో పాతిన స్తంభానికి బిగించిన యంత్రం నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో కొలిచి ఆ పెట్టెకి పంపుతుంది, పెట్టె మైకులో ఊరికి చెబుతుంది. ఎవరో సేవాసంస్థ వాళ్ళు పెట్టి వెళ్ళారు. దాని లోపల నడిచే ప్రోగ్రాం ఓపెన్ సోర్సు. అంటే దాచుకునేది కాదు, అందరి ముందూ పరిచి ఉంటుంది. ఎవరైనా చదువుకోవచ్చు, లోటు కనిపిస్తే సరిచేసి పంపచ్చు. ఎక్కడో చలిదేశంలో తమ నదుల కోసం మొదలుపెట్టారట. ఒక్కో భాషకి ఒక్కో మాడ్యూలు, అంటే విడి భాగం, ఉంది. తెలుగుకి లేదు.

అందుకని మొదటి వరదకి అది ఇంగ్లీషులో పలికింది. ఎవరో దొర ముక్కుతో "నైన్" అంటుంటే లంకలో ముసలాళ్ళు ఏ పార్టీ ప్రచారమో అనుకున్నారు. పంచాయతీ సెక్రటరీ గారు నన్ను పిలిచి, "మీకు కంప్యూటరొచ్చు కదండీ, దానికి కాస్త తెలుగు నేర్పించండి, పుణ్యముంటుంది" అన్నారు. పుణ్యం సంగతి అటుంచండి, నాకు పంతం పట్టుకుంది. మన అంకెలు మన భాషలో చెప్పించడానికి పైనుంచి ఎవరైనా దిగిరావాలా అని.

వేసవి సెలవులన్నీ దానికే పోశాను. అంకెని మాటగా మార్చడం ఎంతపని అనుకుంటారు గానీ దిగితే తెలుస్తుంది. పదకొండు దగ్గరే తెలుగు అడ్డం తిరుగుతుంది. మా పుట్టింట్లో పంతొమ్మిది, అత్తారింట్లో పందొమ్మిది. ఏది పెట్టాలో తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. అన్నీ రాసి, తప్పులు పట్టుకునే టెస్టులు కూడా రాసి, పుల్ రిక్వెస్టు పెట్టాను. నేను రాసింది ఇదండీ, చూసి మీ ప్రోగ్రాంలో కలుపుకోండి అని అర్జీ పెట్టుకోవడమన్నమాట. అవతల చూసే మనిషి ఆయనో ఆవిడో కూడా తెలీదు. ఫొటో ఉండాల్సిన చోట పక్షి బొమ్మ ఉండేది. పదివేల దాకా పలకాలి అని రాసింది ఆ పక్షి. మా గోదారి పదివేల అడుగులొస్తే వినడానికి ఎవరుంటారండీ బాబూ అని రాయబోయి, బాగుండదని ఊరుకుని, పదివేల దాకా రాసి పంపాను.

తర్వాత గొంతు కావాలన్నారు. కంప్యూటరు తయారుచేసే గొంతు తెలుగుని నమిలి ఊస్తోంది, మనిషి గొంతయితేనే మైకులో తెలుస్తుంది. ఇంకెవరి గొంతు దొరుకుతుంది, నాదే. మిట్టమధ్యాహ్నం ఫ్యాను ఆపేసి, తలుపులు బిగించి, దుప్పటి ముసుగేసుకుని, ఫోను మూతి దగ్గర పెట్టుకుని ఒకటి నుంచీ మొదలెట్టాను. చెమట ధారలు కడుతోంది. పంపిస్తే పక్షి తిప్పి కొట్టింది. మాట చివర గొంతు పైకి లేస్తోంది, ఇంకా ఏదో చెప్పబోతున్నట్టుంది. అక్కడితో అయిపోయినట్టు కిందికి దించి, ఏ భావమూ లేకుండా అనండి అని. మళ్ళీ దుప్పటి. నాలుగోసారికి ఒప్పుకున్నారు. ఏడు గురించి ప్రత్యేకంగా ఒక వాక్యం కూడా రాశారు: ఇది సరిగ్గా కుదిరింది, మిగతావన్నీ ఇలాగే ఉండాలి. అది చూసుకుని ఎంత మురిసిపోయానో! తెలుగు రాని ఆ మనిషికి అది అంకె. నాకూ అంకే, లెక్కల టీచర్ని కదా.

మాడ్యూలు కలిసింది. రాసినవాళ్ళ జాబితాలో కిందన నా పేరు చేరింది. ఆ రోజు ఇంట్లో సేమ్యా పాయసం చేశాను.

వానాకాలం వచ్చింది, పెట్టె తెలుగులో మొదలెట్టింది. మొదట్లో "గోదావరి నీటి మట్టం ఇన్ని అడుగులు" అని వాక్యం మొత్తం చెప్పేది. గంటగంటకీ ఈ సోదేంటండీ అని ఊరివాళ్ళు విసుక్కుంటే, సెక్రటరీ గారు అంకె ఒక్కటీ ఉంచి మిగతాది తీయించేశారు. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, గంటకోసారి, వినబడని వాళ్ళ కోసం రెండేసి సార్లు. ఉత్త అంకె.

మా బళ్ళో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఉంది. ముప్పయ్యేళ్ళు ఉంటాయేమో. భర్త గోదాట్లో చేపలు పడతాడు. వరద పోటు మీద ఉండగా, పైనుంచి కొట్టుకొచ్చే దుంగలు పట్టుకోవడానికి నావ వేసుకుని వెళ్ళాడు. లంకల్లో మగాళ్ళకి అదొక పిచ్చి, ఎవరు చెప్పినా వినరు. మూడోరోజున నావ దొరికింది, దిగువ లంకలో అరటితోటకి అడ్డంపడి, బోర్లా. మనిషి దొరకలేదు. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళారు. మనిషి కనబడకపోతే పోయినట్టు తేల్చడానికి ఏడేళ్ళు ఆగాలమ్మా అని ఆఫీసులో ఎవరో పెద్దమనిషి మొహం మీదే చెప్పాడట.

ఆవిడ అత్తగారు ఒకటే మాట పట్టుకుని కూర్చుంది. కళ్ళతో చూసేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఏడవడానికి వీల్లేదు. ఏడిస్తే బతికున్నవాడు కూడా పోతాడు. కోడలు ఏడవలేదు. బడి తెరిచిన రోజునే వచ్చి పొయ్యి వెలిగించింది. బొట్టు, గాజులు, తల్లో పువ్వు, అన్నీ ఎప్పటిలాగే. ఎవరైనా ఓదార్చబోతే, "వచ్చేస్తారండీ" అని బియ్యం కడుక్కునేది. ఆ పువ్వు చూడలేక నేను పొయ్యి వైపు చూసేదాన్ని.

వరద తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఏడు దగ్గర ఆగిపోయింది. ఎగువన వానలు ఆగలేదు, నీళ్ళు వస్తూనే ఉన్నాయి. రెండు వారాల పైన పెట్టె ఇంకో మాట అనలేదు.

గొంతు పోయిన ఆ వారం, వేడినీళ్ళ కోసం తరచూ వంటపాకలోకి వెళ్ళి కూర్చునేదాన్ని. పదకొండింటికి మైకు పలికింది. ఆవిడ చేతిలో గరిటె ఆగింది. రెండోసారి పలికింది. గరిటె మళ్ళీ తిరగడం మొదలెట్టింది. పన్నెండింటికీ అంతే. ఆవిడ తల తిప్పలేదు, మొహంలో ఏమీ లేదు, ఆ రెండు మాటల మధ్య చెయ్యి మాత్రం అన్నంలోనో పప్పులోనో నిలబడిపోయేది. ఒంటిగంటకి పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడి ఉండగా మళ్ళీ పలికింది. వెనకాల ఎవరో ఆకతాయి నా గొంతు అనుకరిస్తూ "ఏడు, ఏడు" అన్నాడు. కొందరు నవ్వారు. తర్వాత ఆవిడని చూసి ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు. కంచాల చప్పుడు కూడా లేదు.

అప్పుడు వినబడింది నాకు, మొట్టమొదటిసారి, అంకె కాకుండా. ఏడవమని చెబుతోంది నా గొంతు. ఊరందరిలోకీ ఆ ఒక్క మనిషికి, గంట తప్పకుండా, భావమేమీ లేకుండా.

ఇంత చిన్న సంగతి తట్టలేదంటే నా బుద్ధికి ఏం పుట్టిందో! మా అమ్మమ్మ కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేది కాదు, లాభం అనేది. లాభం, రెండు, మూడు అని వెళ్ళి, ఆరు తర్వాత ఆరున్నొకటి అని, ఎనిమిదికి దూకేది. గింజ దగ్గర ఏడు అనకూడదే అనేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఇళ్ళల్లో పిల్లలు పేచీ పెడితే ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నారని రోజూ అనే మాటే కదా. అన్నీ తెలుసు. దుప్పటి కింద దూరి నాలుగుసార్లు పలికినప్పుడు మాత్రం ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆ తర్వాత లంకలో నడవాలంటేనే ఒళ్ళు జలదరించేది. మధ్యాహ్నం వేళ వీధిలో పిట్ట ఉండేది కాదు. వరద వదిలిన ఒండ్రు గుమ్మాల దాకా ఆరి పెచ్చులు లేచి ఉండేది. ఆ నిశ్శబ్దంలో డాబా మీంచి నేనే పలికేదాన్ని, నేను కింద నడుస్తుండగానే. నూతి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి మాటలు ఆపేసేవాళ్ళు. గొంతు తిరిగొచ్చాక ఇంకా ఘోరం. క్లాసులో భిన్నాలు చెబుతుంటే కింద ఏడొచ్చింది. బోర్డు మీద రాసి, నోటితో అనకుండా దాటేశాను. పిల్లలు నా నోరే చూస్తున్నారు. ఒకసారి మైకు పలుకుతుండగా నా పెదాలు వాటంతటవే కదలడం గమనించి భయమేసింది. ముందు ఎవరు అంటున్నారో, నేనో అదో, ఒక్క క్షణం తెలియలేదు.

వంటపాకలో అది విన్న ఎనిమిదో రోజున అత్తగారు బడికి వచ్చింది. వరండాలో నాకు ఎదురుగా నిలబడింది. ఎండిపోయిన మనిషి, కళ్ళు మాత్రం నిప్పులు.

"ఏమ్మా, ఆ గొంతు నీదేనంట కదా?"

"అవునండీ. కానీ అది అంకెండీ, నీళ్ళెన్ని ఉన్నాయో..."

"నీళ్ళెన్నున్నాయో నాకు తెలీదా? పుట్టిన కాణ్ణించీ గోదాట్లోనే బతికాను. నా కోడల్ని పొద్దస్తమానం ఏడవమంటున్నావు. అది ఒక్కసారి ఏడ్చిందంటే నా కొడుకు ఇంక రాడు. నీకు పిల్లలున్నారా లేదా తల్లీ?"

మారుస్తానండీ, రెండ్రోజుల్లో మార్చేస్తానండీ అని చేతులు పట్టుకున్నాను. ఆవిడ విదిలించుకుని వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి లాప్‌టాప్ తెరిచాను. కావాలనుకున్న ఊరివాళ్ళకి ఏడు బదులు మా అమ్మమ్మ మాట వచ్చేలా చిన్న మార్పు రాశాను. దుప్పటి కప్పుకుని "ఆరున్నొకటి" రికార్డు చేశాను. పంపగానే పక్షి పట్టుకుంది. ఇది నిఘంటువులో ఉన్న మాటేనా? పదిహేడు, ఇరవై ఏడు సంగతేంటి? ప్రాణాలకి సంబంధించిన అంకెని పొడుగు చేయడం మంచిది కాదు, కారణం రాయండి. అన్యాయంగా ఏమీ అడగలేదు, నిజానికి నేనే ఆ ప్రశ్నలు వేసుకుని ఉండాల్సింది. ఒక పేజీ రాశాను, నావ గురించీ, ఆ పువ్వు గురించీ. మొత్తం చెరిపేసి ఒక్క ముక్క ఉంచాను: మా ఊళ్ళో ఇప్పుడు ఆ అంకెని పైకి అనకూడదు.

ఒక రోజంతా జవాబు లేదు. మర్నాడు పొద్దున్న వచ్చింది. మా తాతల పడవల మీద కూడా అనకూడని మాటలుండేవి, సముద్రం వింటుందనేవారు. మీ ఊరికి మాత్రమే పనిచేసేలా కలిపాను, అని రాశారు. ఎండలో కూర్చుని చదువుతున్నానా, వెన్ను జివ్వుమంది.

సెక్రటరీ గారి చేత పెట్టెలో మార్పించాను. పంటు మీద వెళ్తూ కొత్త మాట విని గుండెలమీంచి బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాను. పంటు నడిపే ఆయన మాత్రం గొణిగాడు. "గాలికి తోక ఎగిరిపోతోందండీ. ఆరు అని వినబడి ఊరుకుంటుంది. ఆరయితే ఇసక మేట తగులుతుందని పై రేవుకి తిప్పాను నిన్న, తీరా చూస్తే నీళ్ళు చాలినన్ని ఉన్నాయి, తిప్పిందంతా దండగ. మీరేదో ఆరున్నొక్క రాగం పెట్టారు, మా ప్రాణానికొచ్చింది." సరదాకే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. సరిచేయాలంటే పాత మాటే పెట్టాలి, పెడితే ఆవిడ గతేంటి? రెండు రోజులు అదే ఆలోచన, తిండి సహించలేదు.

మార్చిన నాలుగో రోజున, గిన్నెలు కడిగేశాక, ఆవిడ కంప్యూటరు గదికి వచ్చింది. అంతకు ముందెప్పుడూ ఆ గుమ్మం తొక్కలేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది.

"మేడం గారూ, అది ఎందుకు మానేసిందండీ?"

"ఏది?"

"అదేనండీ. మీ గొంతు అనేది."

"మానలేదమ్మా, మాట మార్చాను. మీ అత్తగారు వచ్చి చెప్పారు. నువ్వు బాధపడుతున్నావని..."

"నన్నడగలేదు కదండీ."

నిజమే, అడగలేదు. ఊరంతా తిరిగి, సముద్రాలవతల మనిషికి కూడా జవాబు చెప్పి, పక్కనే వంటపాకలో ఉన్న మనిషిని అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"అత్తయ్య ఏడవొద్దంది," అంది ఆవిడ. "మా అమ్మొచ్చి ఏడవకే మంచిది కాదంది. ఊళ్ళో ఎవరు కనబడినా అదేనండీ. అదొక్కటే ఏడు అంది. కోప్పడకుండా, జాలిపడకుండా అనేదండీ. పొయ్యి కాడున్నా అనేది, నీళ్ళ కాడున్నా అనేది. రేపు ఏడుద్దాం, రేపు ఏడుద్దాం అనుకుంటూ ఉన్నాను. ఈలోపు మీరు తీసేశారు."

"ఆయన వస్తారేమో కదమ్మా" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను, అంతే.

"రారండీ. నావ బోర్లా పడ్డ చోటు నేను చూశాను. నావ తోసే గెడ కూడా దానికే ఇరుక్కుని ఉంది. ఈదుదామనుకున్న మనిషయితే తేలడానికి గెడ వదలడండీ." చేతులు మళ్ళీ కొంగుకి తుడుచుకుంది. "నా అంతట నేను ఏడిస్తే ఆయన్ని నేనే చంపినట్టు కదండీ. రేపు మా పిల్ల అడుగుతుంది, అత్తయ్య అడుగుతుంది. ఎవరైనా ఏడవమంటే, అప్పుడు ఏడుస్తాను."

కంప్యూటరు నా ముందే ఉంది. ఆ పాత రికార్డింగు అందులోనే ఉంది, ఒక్క నొక్కు. చెయ్యి అటు వెళ్ళి వెనక్కి వచ్చింది. లేచి తలుపు దగ్గరగా వేసి, ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. మెత్తగా అందామనుకున్నాను, అమ్మా అని కలిపి అందామనుకున్నాను. చేతకాలేదు. నా నోట్లోంచి ఆ మాట అచ్చం ఆ డాబా మీంచి వచ్చినట్టే వచ్చింది, చివర కిందికి దిగి, పొడిగా. ఆ గొంతు నాదని అప్పటిదాకా నమ్మలేదేమో, నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

ఆవిడ కళ్ళు మూసుకుంది. ముందు ఏమీ జరగలేదు. తర్వాత మోకాళ్ళు ముడుచుకుని నేల మీదికి జారి, నోరు తెరిచింది. చప్పుడు రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వచ్చాక ఆగలేదు. నేను అక్కడ ఉండకూడదనిపించి, బయటికొచ్చి తలుపు వేశాను.

మెట్ల కింద అత్తగారు ఉంది. కోడలు ఇంటికి రావడం ఆలస్యమైందని వెతుక్కుంటూ వచ్చినట్టుంది. లోపలి ఏడుపు బడి ప్రాంగణమంతా వినబడుతోంది. ఆవిడ లోపలికి దూసుకెళ్తుందని, కోడల్ని జుట్టు పట్టుకుని లాగుతుందని భయపడి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. వెళ్ళనివ్వకూడదు, తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ అనుకున్నాను. ఆవిడ నన్ను చూడనే లేదు. ఆ ఏడుపు వింటూ వింటూ మెట్టు మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి నాకెవరు చెబుతారమ్మా?" అంది.

నేను దిగి ఆవిడ పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుని, చెప్పాను.